పిన్ని కనురెప్పలు

మా ముత్తాతగారు మా ఊరి మునసబు, ఆయన తర్వాత మా తాతగారూ మునసబే. గుంటూరు నుంచి వచ్చే మిర్చి కమీషన్ వ్యాపారులు ముందు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాకే తక్కిన గడపలు తొక్కేవారు. ఇప్పుడు ఆ అరుగు లేదు. నాకు గుంటూరులో రెండు గదుల వాటా, లెక్చరరు పింఛనూ ఉన్నాయి. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు కనుక, దీన్ని జాలి కోసం రాయడం లేదని ముందే చెబుతున్నాను. కోపంతో రాస్తున్నాను.

మొన్న పెదకాకానిలో ఒక పెళ్ళి భోజనాల్లో మా మేనత్త కొడుకు, నాకు బావ వరస, పప్పు కలుపుకుంటూ బంతి అంతా వినేలా అన్నాడు.

"ఏం బావా, మీ పిన్ని కళ్ళు మూసుకుని కూర్చునే మీ ఆస్తంతా ఊడ్చేసిందిగా! ఆ నటన సినిమావాళ్ళకైనా వచ్చా?"

అందరూ నవ్వారు. నేను విస్తరి మడిచి లేచాను. పిన్ని పోయి చాలాకాలమైంది, ఆవిడ ఇక జవాబు చెప్పుకోలేదు, అందుకని నేను చెబుతున్నాను.

మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెద్దిళ్ళలో కోడళ్ళు అత్తమామల ముందు కళ్ళెత్తకూడదు. మా నాయనమ్మ ఆ విషయంలో మరీ పట్టుదల మనిషి. మా ఆఖరి బాబాయిని చేసుకుని మార్టూరు నుంచి వచ్చిన పిన్ని మాత్రం ఎవరినైనా నిటారుగా మొహంలోకి చూసి, నవ్వుతూ మాట్లాడేది. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, అంతే. ఆ చూపు నాయనమ్మకు గిట్టేది కాదు. రెండేళ్ళు గడిచేసరికి పిన్ని కళ్ళు వాలడం మొదలైంది. పొద్దున్న బాగానే ఉండేవి, మధ్యాహ్నం కల్లంలో మిరపకాయల్లో తెల్లబోయిన తాలు కాయలు ఏరేవేళకు సగం వాలేవి, సాయంత్రం చుట్టాలకు వడ్డించేవేళకు పూర్తిగా దిగిపోయేవి. నాయనమ్మ మురిసిపోయింది. మొదట్లో తలబిరుసుగా ఉండేదనీ, తానే దారికి తెచ్చుకున్నాననీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. మా అమ్మతో సహా మిగిలిన కోడళ్ళకు పిన్నిని చూపించి నేర్చుకోమని దెప్పేది. పాపం పిన్ని ఆ రెప్పల కిందనుంచి దారి చూసుకోవడానికి గడ్డం పైకెత్తితే మాత్రం, అది పొగరు.

ఒక జబ్బును వినయమని మెచ్చుకున్న ఇల్లు మాది.

రానురాను పిన్ని చేతిలో గిన్నెలు నిలవలేదు. అన్నం నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలిసిపోయి చేత్తో పట్టుకునేది. పొద్దుగూకితే మాట ముక్కులోంచి వచ్చేది. పడుకుని లేస్తే మళ్ళీ మామూలు మనిషి. అదే ఆవిడ కొంప ముంచింది. పొద్దున్న లేని జబ్బు సాయంత్రానికి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందే అని నాయనమ్మ, పని తప్పించుకునే ఎత్తని మేనత్త, ఇద్దరూ కలిసి దానికి నటన అని పేరు పెట్టేశారు. మెచ్చుకున్న నోళ్ళే తిట్టాయి. ఒకరోజు పిన్ని తాగిన మంచినీళ్ళు ముక్కులోంచి బయటికి వచ్చేశాయి. తండ్రి ముందు ఏనాడూ నోరెత్తని బాబాయి మర్నాడే బస్సెక్కి గుంటూరులో నా దగ్గరికి వచ్చాడు. నేనప్పుడు కొత్తగా కాలేజీలో లెక్చరరుగా చేరాను. ఇద్దరం పిన్నిని పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇంటి కోడలిని మగ డాక్టరుకు ఆడతోడు లేకుండా చూపించకూడదని నాయనమ్మ కూడా బయల్దేరింది.

డాక్టరుగారు పిన్నిని కాసేపు పైకే చూస్తూ ఉండమన్నారు. నిమిషం తిరక్కుండానే రెప్పలు జారిపోయాయి. అప్పుడొక ఇంజక్షన్ ఇచ్చారు. మేం చూస్తుండగానే, తెర లేచినట్టు, ఆ రెప్పలు రెండూ పైకి లేచాయి. పిన్ని మమ్మల్ని అందర్నీ ఒక్కొక్కరినే చూసింది. ఎన్నేళ్ళకో ఆ పాత చూపు. బాబాయి ఏడ్చేశాడు. నాయనమ్మ మాత్రం భగ్గుమంది.

"ఏం చూపే అది, మగాళ్ళ ముందు? దించు కళ్ళు!"

"ఇన్నాళ్ళూ దించింది నేను కాదు అత్తయ్యా," అంది పిన్ని. గొంతు ఖంగుమంది.

నాయనమ్మ బయటికెళ్ళి బల్ల మీద కూర్చుంది. డాక్టరుగారు నాకూ బాబాయికీ ఓపిగ్గా చెప్పారు. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు ఎముకల మజ్జలో పుడతాయట. వాటిలో కొన్ని లేతగా ఉన్నప్పుడే రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథికి చేరతాయి. అక్కడ వాటికి ఒంట్లోని సొంత పదార్థాల నమూనాలు ఎదురవుతాయి. దేన్నీ పోల్చుకోలేని కణం అక్కడే చచ్చిపోతుంది. సొంతదాని మీదికే ఎగబడే కణం కూడా అక్కడే చావాలి. పరాయిదాన్ని పట్టుకోగలిగి, సొంతదాన్ని సహించగలిగినవి కొద్దిపాటివే బయటికి వస్తాయి. అయితే మేం కల్లంలో తాలు ఏరినట్టేనా అన్నాను.

"కాదు మేస్టారూ. తాలు కాయ తెల్లగా కనపడిపోతుంది, ఎవరైనా తీసేస్తారు. ఇక్కడ తీసెయ్యాల్సింది బాగా ఎర్రటిదాన్ని, మహా ఘాటుదాన్ని. అదేమో తనే అసలైన కాపలాదారుననుకుంటుంది," అన్నారాయన నవ్వుతూ.

పిన్నికి ఆ ఏరివేత దెబ్బతింది. తప్పించుకుని వచ్చిన కణాలు మరికొన్నిటిని ఉసిగొల్పాయి. అవన్నీ కలిసి, నరం పంపిన కబురు కండరానికి అందే చోటునే శత్రువనుకుని మూసేస్తున్నాయి. పనిచేసినకొద్దీ కబురు చిక్కిపోతుంది, నిద్రపోతే కాస్త తేరుకుంటుంది. ఉదయానికీ సాయంత్రానికీ తేడా అందుకే. ఆవిడ థైమస్ ఉండాల్సిన దానికంటే బాగా పెరిగి ఉందనీ, మాత్రలు వాడుతూనే దాన్ని తీయించాలనీ, ఆలస్యమైతే ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోతాయనీ డాక్టరుగారు చెప్పారు.

ఇంటికొచ్చి తాతగారికి చెప్పాం. మునసబుగారి కోడలి రొమ్ము కోయిస్తారా అన్నారు. సొంత ఒళ్ళు సొంత ఒంటినే తినడమేమిటి, మన రక్తం అలా చెయ్యదు అన్నారు. ఆ నటనకు తన చేతి మీదుగా చిల్లిగవ్వ రాదన్నారు. ఆ మాట అన్న మనిషి, మా చిన్నతాతగారితో, అంటే తోడబుట్టిన తమ్ముడితో, మూడడుగుల చేని గట్టు కోసం దావా వేసి, ఆ కోర్టులోంచి ఈ కోర్టులోకి తిరుగుతున్న రోజులవి. వాయిదా ఉన్న నాడు మా ఇంట్లో పండగ. వకీలుకు నేతి గారెలు.

ఆపరేషన్ జరిగింది. వెంటనే కాదు గాని, ఏడాది తిరిగేసరికి పిన్ని తనంతట తాను నమిలి తిన్నది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, ఎవరి ముందూ కళ్ళు దించకుండా బతికింది. ఇవాళ ఆ మాత్రలు గుంటూరులో ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి, కోడళ్ళు అత్తల కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారు, సంతోషం. ఆ వైభవమంతా పోయిందని మా తరం వాళ్ళు నిట్టూరుస్తుంటే వింటాను, నేనూ ఆ అరుగును తలుచుకుని నిట్టూరుస్తాను. పోవలసిన మాట ఒక్కటే పోలేదు. అది పెళ్ళి బంతుల్లో పప్పన్నంతో పాటు ఇంకా తిరుగుతూనే ఉంది.

పిన్ని ఆపరేషన్‌కు అమ్మింది ఆవిడ పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరం చేను. మా మాగాణి, మిరప చేలు, కల్లం, చివరికి ఆ అరుగున్న ఇల్లు అమ్మింది తాతగారి దావాకు.