ఓదెలు కాక గొంతు కొత్త ఫోన్‌లోకి ఎక్కించిన రోజు

2024 ఎండాకాలం. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో, బస్టాండు దగ్గర మాకు మొబైల్ షాపు ఉంది. పగిలిన స్క్రీన్లు, పాడైన చార్జింగ్ పిన్నులు మా ఆయన చూసుకుంటాడు. ఫోన్ లోపలి పని నాది. మరిచిపోయిన పాస్‌వర్డులు తెరిపించడం, పాత ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు, యాప్‌లు కొత్త ఫోన్‌లోకి ఎక్కించడం లాంటివన్నమాట. చాలా ఏళ్లుగా చేస్తున్న పనే కాబట్టి చేతులు వాటంతట అవే నడిచేవి. ఆ రోజు జరిగిన దానికి ఆ అలవాటే కారణమనుకుంటాను.

ఆ రోజు వారం అంగడి. షాపు నిండా జనం. అంకిస ఊరి నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. అంత ఎండలోనూ ఆయన మెడకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. కౌంటర్ మీద రెండు ఫోన్లు పెట్టాడు. ఒకటి డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్తది, రెండోది బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయిన పాతది. నోరు విప్పకుండా దాని నుంచి దీనికి అన్నట్టు వేలు ఆడించాడు.

మూగవాడనుకున్నాను. మూగవాడైతే చెవులు కూడా వినబడవని నాకు నేనే తేల్చుకుని, "ఏం గావాలె కాకా? అన్నీ దీంట్లకెక్కియ్యాల్నా?" అని గట్టిగా అరిచాను. బయట చాయ్ తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

ఆయన పాత ఫోన్ తీసుకుని నిదానంగా ఏదో టైపు చేశాడు. అందులోంచి ఒక మగ గొంతు పలికింది.

"చిన్నగ మాట్లాడు బిడ్డా. చెవులు మంచిగనే ఉన్నయ్. గొంతే పోయింది."

నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆయన పేరు ఓదెలు. గొంతులో పుండు ముదిరితే నాగపూర్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారట. అప్పటి నుంచీ ఆ యాపే ఆయన మాట. టైపు చేసింది పైకి చదువుతుంది. రోజూ వాడే వాక్యాలను ముందే దాచుకుంటే, ఒక్క బటన్ నొక్కితే చాలు, పలుకుతుంది. అది తయారుచేసిన కంపెనీ మూతపడింది. పాత ఫోన్‌లో ఉన్నది మాత్రం నడుస్తూనే ఉంది. ఆ మోడల్‌కు బ్యాటరీ దొరకదని, ఉన్నది ఎప్పుడైనా ఆగిపోవచ్చని మా ఆయన చెప్పాడు.

ఓదెలు కాక భార్య రాజవ్వ లోపలికి రాలేదు. మెట్ల మీదే, ముఖం రోడ్డు వైపు పెట్టుకుని నిలబడింది. "ఫ్యాన్ కిందికి రా చిన్నమ్మా" అంటే, "ఈడనే మంచిగుంది" అన్నది.

నేను పని మొదలుపెట్టాను. ఫోన్ మార్చినప్పుడు యాప్ పాత ఫోన్ నుంచి నడిచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొత్త ఫోన్ దాన్ని ప్లే స్టోర్ నుంచి మళ్లీ దించుకుంటుంది. ఈ యాప్ స్టోర్‌లో లేదు కాబట్టి రాలేదు. అప్పుడు పాత ఫోన్‌లోంచి ఏపీకే, అంటే యాప్‌ను ఎక్కించే ఫైలు, బయటికి తీశాను. మరీ పాత యాప్ అని కొత్త ఫోన్ దాన్ని ఒప్పుకోలేదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, అక్కడి నుంచి ఆదేశం ఇస్తే ఎట్టకేలకు ఎక్కింది. తెరిచి చూస్తే బటన్లన్నీ ఖాళీ. దాచుకున్న వాక్యాలు పాత ఫోన్‌లోనే ఉండిపోయాయి. ఒక్కొక్కటీ మళ్లీ టైపు చేయాల్సిందే.

బటన్ మీద వాక్యంలో మొదటి మాటే కనిపిస్తుంది. మిగతాది తెలియాలంటే నొక్కి వినాలి. ఆయన్ను ఒక్క మాట అడగకుండా నొక్కడం మొదలుపెట్టాను. చప్పుడు తగ్గించాలన్న ఆలోచన కూడా రాలేదు.

"చాయ్ల చక్కెర తక్కువెయ్యి."

"నాట్లకు రేపు ఎంతమంది వస్తుండ్రు?"

"నేను తాగి లేను, నాకు గొంతు లేదు."

దీనికి షాపులో అందరూ నవ్వారు. ఓదెలు కాక కూడా నవ్వాడు. తర్వాతి బటన్ మీద 'రాజవ్వా' అని ఉంది. ఆయన చెయ్యి ముందుకు వచ్చింది. అదే నొక్కమంటున్నాడనుకున్నాను. నొక్కేశాను.

"రాజవ్వా, నలుగుర్ల నా పక్కన నిలబడు. సిగ్గువడకు."

కంపెనీ వాళ్లు పెట్టిన ఆ గొంతులో హెచ్చుతగ్గులు లేవు. చక్కెర గురించి ఎలా చెప్పిందో ఇదీ అలాగే చెప్పింది. మెట్ల మీదున్న రాజవ్వ వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. తర్వాత మమ్మల్నందరినీ చూసింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని బస్టాండు వైపు గబగబా వెళ్లిపోయింది. ఎవరో ఒకతను ఇంకా నవ్వుతుంటే మా ఆయన కసిరాడు.

"తప్పయింది కాకా" అన్నాను.

ఆయన పాత ఫోన్ తీసుకుని టైపు చేశాడు. "రాసి పెట్టుకున్న గని ఎన్నడు ఒత్తలే బిడ్డా."

నాలుగు గోడల మధ్య కూడా ఆయన అనలేకపోయిన మాట. అంగడి నాడు, పదిమందిలో, నేను అనిపించాను.

మిగతావన్నీ ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని ఎక్కించాను. చివర్లో ఆ బటన్ చూపించి, "ఇది గూడ ఎక్కియ్యాల్నా?" అని అడిగాను. ఔనన్నట్టు తల ఊపాడు. ఆ రోజు డబ్బులు వద్దంటే వినకుండా కౌంటర్ మీద పెట్టి వెళ్లాడు.

కొన్ని రోజుల తర్వాత రాజవ్వ ఒక్కతే వచ్చింది. స్క్రీన్ గ్లాసు కావాలన్నది గానీ, గ్లాసు చూడలేదు.

"ఆ మాట కొత్త ఫోన్ల గూడ ఉన్నదా?"

"ఉన్నది చిన్నమ్మా. కాకనే ఎక్కియ్యమన్నడు."

"తీసెయ్యరాదు, బిడ్డా? గ్లాసు ఎయ్యనీకని ఫోన్ తెచ్చిస్త." కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక పెండ్లిల గా ఫోన్ మాట్లాడితే పోరగాండ్లు తమాషా జూసినట్టు మూగిండ్రు. నేను లేసి అవుతలికి వోయిన. అప్పటిసంది ఆయన మంది ముంగట ఫోన్ తియ్యనీకె ఎనకాడుతడు. గా మాట తల్సుకుంటే నాకు గా పెండ్లే యాదికొస్తది."

అది చిటికెలో అయ్యే పని. ఆమెను బాధపెట్టింది నేనే కాబట్టి చేసేయాలనిపించింది కూడా. కానీ ఆయన నోట్లోంచి మాట తీసేయడానికి నేనెవరిని?

"నేను తీసేది గాదు చిన్నమ్మా. కాకతోనే మాట్లాడు."

"ఎట్ల మాట్లాడుతనే?"

"నీకు గొంతున్నది గదా" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె గ్లాసు తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఇక ఆ ఇద్దరూ మా షాపు మెట్లెక్కరనుకున్నాను.

వానలు పడ్డాక ఒక సాయంత్రం బస్టాండులో కనిపించారు. కదలబోతున్న బస్సు దగ్గర ఓదెలు కాక ఫోన్ పట్టుకుని కండక్టర్‌ను ఏదో అడుగుతున్నాడు. ఇంజను చప్పుడులో అతనికి వినబడక చెయ్యి విదిలించి తలుపు మూయబోయాడు. రాజవ్వ ముందుకు వచ్చి తలుపు పట్టుకుంది.

"జర ఆగు సారూ. మా ఆయన మాట్లాడుతుండు, ఇను."

బస్సెక్కేవాళ్లంతా ఆమెనే చూశారు. ఆమె తల దించుకునే ఉంది, కానీ తలుపు మాత్రం వదల్లేదు. కండక్టర్ వంగి విన్నాడు.

నా వల్లే ఆమె అలా మారిందని చెప్పుకోను. వాళ్లింట్లో వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నా పనిలో మాత్రం మార్పు వచ్చింది. మూతపడిన యాప్ పట్టుకుని ఎవరైనా వస్తే, "గిదెందుకు, కొత్తది ఎక్కించుకో" అనడం మానేశాను. దాంతో ఏం చేస్తారో ముందు అడుగుతాను, అడిగాకే ముట్టుకుంటాను. మాట లేని మనిషి చెయ్యి చాపితే, అది ఔనో కాదో తేలేదాకా ఆగుతాను.

ఆ బటన్ ఇంకా ఉందో లేదో తెలియదు. తర్వాత ఒకసారి సిమ్ మార్చడానికి ఓదెలు కాక ఫోన్ నా చేతికి వచ్చింది. సిమ్ మార్చి, ఆ యాప్ తెరవకుండా ఇచ్చేశాను.