నైరుతి మూలకు పోయిన గురి

ఇందులో యుద్ధం ఉంది. తుపాకులున్నాయి. పులివెందుల ఉంది. నేలను చీల్చుకొని పైకి లేచినదొకటి ఉంది. తరతరాలు చెప్పుకోదగ్గ ఇతిహాసం.

అంత లేదు. నా మౌస్ పక్కకు జరిగింది. అంతే.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ప్రొద్దుటూరులో మా వీధి చివరి ఇంట్లో దయ్యముందని అందరూ అంటుంటే, అద్దె తగ్గిస్తారేమో కనుక్కోండి అన్నవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను, మీకేమైనా తోస్తే చూడండి.

బెంగళూరులో ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన రోజులవి. నేను బాధపడతానని అందరూ ఎదురుచూశారు. నాకేమీ అనిపించలేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉన్నాను. మా అమ్మ చూడలేక, గాలి మారితే బాగుపడతాడని, పులివెందుల దగ్గర పల్లెలో ఉన్న తన తమ్ముడి ఇంటికి పంపింది. లాప్‌టాప్, మౌస్ సంచిలో వేసుకొని పోయాను. గాలి మారింది. అంతకు మించి ఏమీ మారలేదు.

నాకున్న పని ఒకటే, ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట. జమ్మలమడుగులో ఉండే నా స్నేహితుడు ఖాజా, నేను ఒక జట్టు. వాడు ముందుకు పరిగెత్తుతాడు. నేను ఏ మేడ మీదో పడుకొని, దూరం నుంచి స్నైపర్ తుపాకితో కొడతాను. కదలకుండా పడి ఉండటమే ముఖ్యమైన అర్హత కాబట్టి ఆ ఉద్యోగం నాకు సరిపోయింది.

సిగ్నల్ బాగా వచ్చేది మామ తోటలోని షెడ్డులోనే. మొదటి రోజే తేడా తెలిసింది. మామూలుగా ఆడితే ఏమీ లేదు. స్కోపు పెట్టి, అంటే తుపాకి మీది దుర్భిణిలోంచి చూడగానే, గురి మెల్లగా ఎడమకు జారిపోతోంది. శత్రువు తల మీద పెడితే పక్కనున్న గోడకు తగులుతోంది.

"ఏంరా, వాణ్ణి కొట్టమంటే గోడలు కూలగొడ్తాండావు? బేల్దారి పనికి పోతాండావా ఏంది?" అన్నాడు హెడ్‌ఫోన్లో ఖాజా.

చేయాల్సినవన్నీ చేశాను. మౌస్ అడుగున తుడిచాను. కింద అట్ట మార్చాను. స్పీడు తగ్గించాను. టచ్‌ప్యాడ్ ఆపేశాను. పులివెందులకు పోయి కొత్త మౌస్ తెచ్చాను. అదీ అంతే. చెయ్యి పూర్తిగా తీసేసి చూశాను. ఎవరూ ముట్టుకోకుండానే గురి ఎడమకు పోతోంది. తుపాకి ఊగేలా ఆటలోనే పెట్టుంటారని ఖాజా అన్నాడు. అలా పెడితే అటూ ఇటూ ఊగుతుంది. ఇది ఒకవైపే పోతోంది, పని మీద పోయే మనిషిలా.

ఒకరోజు ఎండ మొహం మీద పడుతోందని మంచం తిప్పుకొని కూర్చున్నాను. అప్పటిదాకా ఉత్తరం వైపు ఉన్నవాణ్ణి దక్షిణం వైపు తిరిగాను. స్కోపు పెట్టాను. ఈసారి గురి కుడికి జారింది.

మళ్లీ ఉత్తరం తిరిగాను. ఎడమకు. మళ్లీ దక్షిణం. కుడికి. ఎటు తిరిగినా పడమటికే పోతోంది. ఆట లోపలి పడమర కాదు, మామ తోట పడమర.

భయపడాల్సిన చోటు అదే అనుకుంటా. నాకు మాత్రం ఆకలైంది.

మా మామ గురించి చెప్పాలి. ఆయనది చీనీ తోట, అంటే బత్తాయి. నేను బడిలో ఉన్నప్పుడు నాటిన చెట్లు. పాత బోరు ఎండిపోయింది. తర్వాత వేసిన బోర్లన్నిటిలోనూ దుమ్మే లేచింది. ట్యాంకర్లతో చెట్లను బతికిస్తున్నాడు. ఇంకొక్క బోరు వేస్తాను, అదీ పోతే చెట్లు పీకించేస్తాను అని జేసీబీ అతనికి చెప్పి పెట్టాడు. ఈ సంగతి అన్నం తింటూ, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా చెప్పాడు. ఆ ఇంట్లో మొద్దుబారింది నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది.

నేను మంచం అటూ ఇటూ తిప్పడం మామ గట్టు మీద నుంచి చూశాడు. వచ్చి పక్కన కూర్చున్నాడు. మళ్లీ చేసి చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు తెరకేసి చూసి, "మా నాయన చేతిలో టెంకాయ గూడా ఇట్లనే లాగేదప్పా" అన్నాడు.

మా తాత అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేలల్లో నడిచేవాడట. నీళ్లున్న వైపుకు చెయ్యి లాగేదట. సరిగ్గా ఆ చోటికి పోగానే కాయ దానంతటదే నిలబడేదట. బోరు వేసే ముందు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన్ను పిలుచుకొని పోయేవారు. ఆయన పోయాక మామ ఎన్నిసార్లు చూసినా కాయ లేవలేదు. విద్య కొడుకును దాటుకొని కూతురి కొడుక్కు వచ్చిందని మామ తేల్చాడు. అదీ మౌస్ రూపంలో.

"మామా, ఇది ఆట. దీన్ని నమ్ముకోవద్దు" అన్నాను.

"మిషన్లు తెచ్చినోళ్లను నమ్మితి. సదువుకున్నోళ్లను నమ్మితి. ఇంక నిన్ను నమ్మితే కొత్తగా పోయేదేముందప్పా?"



తోటలో మా ఊరేగింపు మొదలైంది. మామ లాప్‌టాప్‌ను హారతి పళ్లెంలా పట్టుకొని ముందు నడిచాడు. నేను పీట, మౌస్ పట్టుకొని వెనక. చెట్టు చెట్టుకూ ఆగడం, పీట వేయడం, స్కోపు పెట్టడం. గురి ఎటు జారితే అటు పోవడం. ఆట మధ్యలో ఉంది, ఖాజా ఒంటరిగా పోరాడుతున్నాడు.

"యాడ సచ్చినావ్ రా?"

"చీనీ తోటలో."

"ఈ మ్యాపులో చీనీ తోట యాడుంది రా?"

నేను నీళ్లు వెతుకుతుంటే ఎవడో వెనక నుంచి వచ్చి నన్ను కాల్చేశాడు. మామ కంగారుపడి, "ఏమాయె?" అన్నాడు. చచ్చిపోయానని చెప్పాను. "మళ్లా లెయ్యి" అన్నాడు.

లేచాను. తోటకు నైరుతి మూలలో గురి ఆగింది. ఎటు తిరిగినా, చెయ్యి తీసేసినా, పెట్టిన చోటే నిలబడింది. మామ ఒక రాయి తెచ్చి అక్కడ పెట్టి, పసుపు పూసి మొక్కాడు. రాయికి మొక్కాడో లాప్‌టాప్‌కు మొక్కాడో నాకు తెలియలేదు.

అత్తకు విషయం తెలిసి గొడవైంది. నైరుతిలో బోరు వేస్తే ఇంటి మగవాడికి మంచిది కాదని వాస్తు. అందుకే ఇన్నేళ్లలో ఆ మూల ఎవరూ ముట్టుకోలేదు.

"పిల్లోడు ఆటాడుకుంటాంటే దాంట్లో గూడా నీళ్లే కనపడ్తాండాయా నీకు? నీకేమన్నా అయితే నేనేం గావల్ల?" అంది.

"చెట్లు పీకేసినాక నేనుండి ఏం జేస్తానే?" అన్నాడు మామ. గొంతు పెంచలేదు.

బోరు బండి వచ్చిన రోజు నేను దూరంగా నిలబడ్డాను. దుమ్ము లేస్తే ఆ తోట నా మౌస్ వల్ల పోయినట్టే. ఆ మాట ఎవరూ అనరు, అదే ఇబ్బంది. చాలా సేపు తెల్లటి దుమ్మే లేచింది. చెట్ల మీద పడింది, మా మీద పడింది. బండి డ్రైవర్ ఆపమంటారా అన్నట్టు చూశాడు. మామ తల అడ్డంగా ఊపాడు.

కొంచెం సేపటికి దుమ్ము ఆగింది. బురద వచ్చింది. ఆ వెనకే నీళ్లు ఎగదన్నాయి.

ఈ చోట మామ నన్ను కౌగిలించుకోవాలి. ఆయన కాళ్లు కడుక్కొని, డ్రైవర్‌కు టీ కావాలేమో కనుక్కొన్నాడు. అత్త కొంగు నోట్లో పెట్టుకొని నిలబడింది. నేను ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. చొక్కా తడిసింది.

ఆ సాయంత్రం షెడ్డులో కూర్చొని స్కోపు పెట్టాను. ఉత్తరం తిరిగి చూశాను, దక్షిణం తిరిగి చూశాను. గురి ఎక్కడ పెడితే అక్కడే ఉంది. ఆ తర్వాత ఒక్కసారీ జరగలేదు.

భూమిలో అయస్కాంతమేమోనని ఖాజా అన్నాడు. వెలుతురుతో పనిచేసే మౌస్‌కు అయస్కాంతంతో సంబంధం లేదు. ఎవరూ తవ్వని మూల కాబట్టి నీళ్లు అక్కడ మిగిలాయని మీరంటారు. నేనూ అదే అన్నాను. కానీ ఆ సంగతి రెండు మౌస్‌లకు ఎవరు చెప్పారన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మామ బాగానే ఉన్నాడు. చెట్లు కొత్త చిగురు వేశాయి. ఆ నీళ్లకు పప్పు మాత్రం ఉడకదు. అత్త వంటకు క్యాన్ నీళ్లే వాడుతోంది.