కొసరుగా దొరికిన ఫీడ్

ఆ రోజుల్లో కరీంనగర్ మొత్తం మీద వెబ్‌సైటుకు ఫీడ్‌ను పైస ఇయ్యకుండ ఫుకట్‌గా రాబట్టిన మొనగాణ్ని నేనొక్కణ్నే. (గొప్పగా చెప్తున్న గానీ, అంత పనికిమాలిన బేరం మళ్లీ చెయ్యలే.) స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినోణ్ని, గిన్నె కొని గరిటె కొసరడగని గిరాకీని మా బాపు మనిషి కింద జమకట్టకపోయేది. డిగ్రీ అయినంక, ఏ గల్లీలో ఏది అగ్గువకు దొరుకుతదో రోజూ తిరిగి రాసే సైటొకటి పెట్టిన. బట్టల దుకాణం నడిపే మా కాక మాటిచ్చిండు: "జనం సూడనియ్యి బిడ్డా, ఏడాది ప్రకటన నీకే."

సైటు చేసిచ్చినాయనకు పైసలిస్తూ "మరి కొసరు?" అన్న. "ఫీడ్ పెడ్తనే" అన్నడు. మనం కొత్తగా ఏది రాసినా, కావాలన్నవాళ్ల దగ్గరికి దానంతటదే పోయి వాలే ఏర్పాటన్నమాట. "రెండు లైన్లే పంపుదాం. మిగతాది సదవనీకి నీ సైటుకే వస్తరు." నాకు రోషమొచ్చింది. కొసరులో కూడా కోతనా? "మొత్తం పెట్టు!"

మొత్తం ఫీడ్‌లనే దొరుకుతుంటే ఎవరొస్తరు, నెల తిరిగేసరికి నా సైటు మీద ఈగ వాలలే. పైగా లక్సెట్టిపేటలో ఒకాయన నా ఫీడ్‌ను తన సైటుకు తగిలించుకున్నడు. నేను చెప్పులరగదీసి రాసింది, నిమిషంలో ఆయన పేరు కింద మెరుస్తున్నది. కాక ప్రకటన కూడా ఆయనకే ఇచ్చిండు! ఒళ్లు మండి బస్సెక్కిన.

ఆయన తాపీగా చాయ్ తెప్పించిండు. "పరేషాన్ గాకన్నా. నేనేమన్న గోడ దూకిన్నా? నువ్వే రోజూ మూటగట్టి పంపుతున్నవ్."

"పంపింది సదువుకోనీకి! దుకాణం పెట్టుకోనీకి కాదు!"

"గా ముచ్చట మూట మీద రాయకపోతివి?"

ఇంటికొచ్చి, 'లక్సెట్టిపేటది దొంగ సైటు, థూ!' అని రాసి వదిలిన. అది ఫీడ్‌లో పోయి ఆయన సైటు నెత్తిమీదనే, ఆయన పేరు కిందనే వాలింది. ఒక్క పూట పండుగ చేసుకున్న. తన సైటును తానే తిట్టుకుంటున్న ఆ వింత చూడనీకి జనమంతా ఎగబడ్డరు, అయితే ఆయన సైటు మీదికే. కాక ఫోన్ చేసిండు: "ఏం గిరాకీరా అక్కడ! ఇంకో ఏడాది గూడ ఆయనకే ఇచ్చేసిన."

"ఏమాయెరా?" అన్నడు బాపు.

"కొసరు పంచిన బాపు."

"గిన్నె గూడ ఇచ్చినవా?"

ఇప్పుడు నిజాయితీగా లెక్క తీస్తే, పోయినవి రెండేండ్ల ప్రకటన, రానుపోను బస్సు కిరాయి. దొంగతనం పద్దులో సున్నా. అంతా నేను పంపిందే. లాభం ఒక చాయ్. అంత కోపంలోనూ ఇంకో అర కప్పు కొసరడిగిన. పాపం, పోసిండు.