మా మిల్లు లెక్కలు చెప్పిందెవరు?

మండపేటలో మా మామయ్యగారి రైస్ మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. దాని లెక్కలు చూసేది కోడలినైన నేనే. ఓసారి బియ్యం బేరానికి విశాఖ నుంచి వచ్చిన వ్యాపారి కాఫీ తాగుతూ, "కిందటేడు మీకు లాభం బాగానే వచ్చిందండి" అన్నాడు. మామయ్యగారు నావైపు గుర్రుగా చూశారు. ఇంటి గుట్టు నేనే బయటపెట్టాననుకున్నారు.

"ఆవిడ చెప్పలేదండి. కంపెనీల లెక్కలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చు. మీరు ఏటా గడువులోపే లెక్కలు పెడుతున్నారు. ఆ నమ్మకంతోనే వచ్చాను" అన్నాడాయన.

గడువు దాటకూడదని ఏటా మామయ్యగారితో పోట్లాడేది నేనే. మామయ్యగారు పక్కనున్న కుర్చీ లాగి, "కూర్చోమ్మా. ధర నువ్వే చెప్పు" అన్నారు.

కాపురానికొచ్చాక ఆయన ఎదుట నేను కూర్చోవడం అదే మొదలు.