గచ్చు మీద నాట్లు

తల వంచితే తప్ప ఆ అవ్వకు పాట వచ్చేది కాదు. ఉదయగిరిలో వరినాట్లకు పాట ఎత్తుకునేది ఆమే.

మా అక్క పెళ్లయిన మరునాడు మధ్యాహ్నం ఆత్మకూరు నుంచి సినిమా వెయ్యడానికి టీవీ, వీడియో అద్దెకు తెప్పించారు. సినిమాలో, అందరి నోళ్లలో నానుతున్న నాట్ల పాట వస్తోంది. తెరమీద నాట్లేసే ఆమె మొగుడు బురదలో జారిపడుతుంటే పడీపడీ నవ్వుతున్నాం. సగంలో కరెంటు పోయింది.

"పోతే పోనీలే. ఆ పాట నాకొచ్చు," అంది అవ్వ.

నడుం వంచి, గచ్చు మీద లేని నారు నాటుతూ, పాడుతూ వెనక్కి వెనక్కి నడిచింది. జారిపడే మొగుడూ తానే అయింది. మేం టీవీ వైపు నుంచి ఆమె వైపు తిరిగి కూర్చున్నాం.

కరెంటొచ్చింది. వీడియో అతను టీవీ వైపు అడుగేశాడు.

అవ్వ తల ఎత్తలేదు. "కాలు తియ్ నాయనా, నారు తొక్కతా ఉండావు."

అతను గబుక్కున కాలు తీశాడు. మేమంతా కూడా కాళ్లు ముడుచుకున్నాం.