విజయక్క డికాషన్

సీసా ఊపితే లోపలి స్టీలు గోలీ టకటకా కొట్టుకుంటుంది. అడుగున పేరుకున్న రంగు కలవాలని వేసిన గోలీ అది. పొద్దున్నే వనపర్తిలోని మా గది తలుపు తీసి, కిటికీ తెరిచి, నేను చేసే మొదటి పని ఆ గోధుమరంగు సీసాను చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. చప్పుడు మొద్దుగా వస్తే రంగు ఇంకా కలవలేదని, గలగలమంటే కలిసిందని విజయక్క చెప్పింది. మూత తీయగానే తడి సున్నంలాంటి వాసన వస్తుంది. ఆ వాసనతోపాటే ఆమె నా వెనక నిలబడి, "సాకు సాకు, ఇగ ఆపు! పెరుగు చిలుకుతున్నవా ఏంది?" అన్నట్టు ఉంటుంది. సాకు అంటే కన్నడంలో చాలు అని. ఆమె పోయి ఇన్నాళ్లయినా ఆ మాట వినపడని పొద్దు లేదు నాకు.

మా పని గురించి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలు కొన్ని ఉన్నాయి. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులను బారులు తీర్చి నిలబెట్టి, పాచికలు వేసి పోరాడతారు. ఆడేది పిల్లలనుకునేరు, కాదు. బెంగళూరులో, హైదరాబాదులో మంచి ఉద్యోగాలు చేసుకునే మీసాలొచ్చిన మగవాళ్లు, పెళ్లయిన ఆడవాళ్లు. ఆ సైనికులు బూడిదరంగులో, ముఖం లేని మనుషుల్లా పెట్టెల్లో మా దగ్గరికి వస్తారు. వాళ్లకు చొక్కాలు, కవచాలు, చర్మం, గడ్డం అన్నీ రంగులతో తొడిగి తిరిగి పంపిస్తాం. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నేనూ మీలాగే నవ్వాను.

అంతకుముందు నేను బోర్డు పెయింటర్‌ని. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ బజార్లలో కిరాణా కొట్టు నుంచి పుస్తకాల షాపు దాకా నేను రాయని బోర్డు తక్కువ. ఫ్లెక్సీలు వచ్చి సగం పనిని మింగేశాక కూడా గోడ రాతలు, లారీల వెనక రాతలు మిగిలాయి. నా గీత అంటే నాకు మహా పొగరు. చేతికింద కర్ర ఆనించుకోకుండా ఒక్క ఊపులో 'శ్రీ' దించేవాణ్ణి. అలాంటివాణ్ణి గద్వాలలో ఒక విత్తనాల గోదాం గోడ మీద రాస్తుండగా నిచ్చెన జారి కింద పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతుక్కుంది, దాంతోపాటు వణుకు కూడా అతుక్కుంది. బ్రష్షు పట్టుకుంటే కొస ఒకచోట నిలవదు. మా ఆవిడ పద్మ మిషను కుట్టి ఇల్లు నడిపింది. తిండికి లోటు లేదు. నాకు పోయింది తిండి కాదు. బజారులో ఎవరైనా అలవాటుకొద్దీ "ఓ పెయింటరూ" అని పిలిస్తే ఒళ్లు మండిపోయేది. "ఏ పెయింటర్? యాడున్నడు?" అని అరిచేవాణ్ణి. పెయింటర్‌ని కాకపోతే ఇంకెవరినో నాకే తెలియలేదు.

అప్పుడు వచ్చింది విజయక్క, నా బ్రష్షులు కొనుక్కుందామని. నేను పని మానేశానని ఎవరో చెప్పారట. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, పొట్టి మనిషి, గొంతు మాత్రం లౌడ్ స్పీకరు. వాళ్లది గద్వాల అవతల గట్టు మండలంలో ఒక పల్లె. అమ్మానాన్నలు బెంగళూరుకు మేస్త్రీ పనికి వలసపోతే అక్కడే బిల్డింగుల మధ్య పెరిగింది. ఈ యుద్ధపు ఆటల సామాను అమ్మే కొట్టులో పనికి చేరి, రంగులు వేయడం నేర్చుకుంది. తండ్రి పోయాక తల్లి సుందరమ్మను వెంటబెట్టుకుని వనపర్తికి తిరిగొచ్చి, శ్రీరంగాపూర్ రోడ్డులో రెండు గదులు అద్దెకు తీసుకుని సొంతంగా ఆ పనే పెట్టుకుంది. ఆ రోజు నేను మొహం మాడ్చుకుని బ్రష్షుల కట్ట తెచ్చి ముందు పడేశాను. ఆమె ఒక్కో బ్రష్షూ తీసి, వెంట్రుకల కొస నాలుకతో తడిపి చూసింది. పని మానేసినా వాటిని నేను కడిగి, నూనె రాసి, కొస తీర్చి పెట్టాను. అది చూసి నా వైపు నుంచి తిరిగింది. మిషను దగ్గరున్న పద్మతో, "పద్మా, ఈ బ్రష్షులతోపాటు వాటిని పట్టుకునే మనిషిని గూడ పంపు" అంది. పద్మ కూడా వెంటనే, "తీస్కపో అక్కా, ఇంట్ల ఉండి నా పానం తింటుండు" అంది. ఇద్దరూ కలిసి నన్ను బ్రష్షుల్లో ఒక బ్రష్షుగా లెక్కగట్టారు.

మరునాడు వెళ్లింది కోపంతోనే, చేతకాదని ముఖం మీద చెప్పి వచ్చేద్దామని. ఆమె ఒక బూడిదరంగు సైనికుణ్ణి నా ముందు పెట్టి, గోధుమ, ఎరుపు, చర్మపు రంగు, ఏది ఎక్కడో చెప్పి, "నింపు" అంది. గీతలు లేవు, నింపడమే. నింపాను. అంచులు తొక్కాను, చొక్కా రంగు మెడకు అంటింది. బొమ్మ చూస్తే హోలీ ఆడొచ్చినట్టుంది. ఇక లేద్దామనుకుంటే ఆమె ఈ గోలీ సీసా ఊపి, నీళ్లలాంటి ముదురు గోధుమ రంగును గిన్నెలో పోసింది. "ఇది డికాషన్. నిండ ముంచు బ్రష్షు. తలకాయ మీంచి పొయ్యి" అంది.

"నా చెయ్యి..." అన్నాను.

"సెయ్యి వణికితే వణకనీ. పల్లంలకు పొయ్యేది నీళ్లు, నీ సెయ్యి గాదు. నోడు."

నోడు అంటే చూడు అని. చూశాను. పలుచని రంగు తల మీంచి జారి చొక్కా మడతల్లోకి, వేళ్ల సందుల్లోకి, గడ్డం పాయల్లోకి తనంతట తానే పోయి కూర్చుంది. ఎత్తుగా ఉన్నచోట పైరంగు మిగిలింది, లోతుగా ఉన్నచోట నీడ పడింది. ఎక్కడైనా మడుగు కట్టితే పొడి బ్రష్షు కొసతో పీల్చెయ్యమంది. ఆరాక, దాదాపు రంగే లేని బ్రష్షుతో ఎత్తుల మీద దుమ్ము దులిపినట్టు పైపైన రాయమంది. అంతే, ముక్కు, కణతలు, మోచేతులు వెలుగులోకి వచ్చాయి. నేను తొక్కిన అంచులన్నీ నీడలో మునిగిపోయాయి. నోరెళ్లబెట్టాను. ఆమె మాత్రం అప్పటికే పక్క బొమ్మ ముందుకు తోసి, "ఊ, కానీ" అంది.

నా బుద్ధి అంత తొందరగా దారికి వస్తుందా? కొన్నాళ్లకు ఒక సైనికుడి నడుం పట్టీకి బంగారు గీత గీయాలని పట్టుబట్టాను. గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. చివరికి కోపం నషాళానికంటి బ్రష్షును గోడకేసి కొట్టాను. విజయక్క బ్రష్షు తీసి, కడిగి, తెచ్చి నా పక్కన పెట్టింది. ఆ సైనికుణ్ణి బల్ల అవతలి కొసకు జరిపి, నన్ను లేచి నిలబడమంది.

"బస్టాండు గోడ మీద రాసినవ్ గదా నువ్వు?"

"రాసిన."

"ఎవరన్న ముక్కు గోడకు ఆనిచ్చి సూసిండ్రా?"

బస్సులో కూర్చున్నవాడికి కనబడాలని రాసే రాత అది. దగ్గరికి పోయి చూస్తే నా అక్షరాల అంచులు కూడా గరుకే.

"ఆడేటోడు గిట్ల నిలబడి సూస్తడు. ఇంత దూరంకెల్లి పట్టీ కానొస్తుందా లేదా?"

కనబడుతోంది. వంకర మాత్రం కనబడలేదు. "నువ్వు దూరం లెక్క తెల్సినోడివి, నాకంటె నీకే ఎక్కువ తెల్వాలె" అని తిట్టి, టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె తిట్టినా మనసుకు చల్లగా ఉండేది.

ఆ ఎండాకాలం ఆమె రెండు రోజుల పనుందని హైదరాబాదు పోయింది. దవాఖానకని మాకు చెప్పలేదు. ఈటెలు పట్టిన పెట్టెడు కాల్బలానికి డికాషన్ పోసి ఆరబెట్టాల్సి ఉంది. గదిలో చోటు లేదు. సుందరమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. "నాయనా, నా వడియాలెండే ఎండల నీ బొమ్మలెండవా? తెచ్చి ఈడ పెట్టు" అంది. నాకూ సబబుగా తోచింది. దుప్పటి పరిచి, వడియాల పక్కనే సైన్యాన్ని బారుగా నిలబెట్టి, కాకులు రాకుండా ఇద్దరం కాపలా కాశాం. సాయంత్రం చూస్తే వడియాలు కరకరలాడుతున్నాయి, ఈటెలన్నీ మెత్తబడి వాడిన ఉల్లికాడల్లా వేలాడుతున్నాయి. ఆ రాత్రి బండికే దిగిన విజయక్క దుప్పటి చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత కడుపు పట్టుకుని గోడకు చేరగిలి నవ్వింది. "అమ్మా, కారం గూడ జల్లకపోయినవా!" అంది. నీళ్లు కాచి, ఒక్కో ఈటెనూ వేడినీళ్లలో ముంచి వేలితో సరిచేసి, చన్నీళ్లలో పెడితే బిగుసుకుంటుందని చూపించింది. ముగ్గురం కూర్చుని యుద్ధానికి సిద్ధం చేశాం. నవ్వినప్పుడల్లా ఆమె ఒక చేత్తో పక్కటెముకలు నొక్కుకోవడం నేను చూశాను. నవ్వి నవ్వి నొప్పేమో అనుకున్నాను.

వానలు పడేనాటికి ఆమె మంచం బల్ల పక్కకు వచ్చింది. కడుపులో గడ్డ అని, ఆలస్యమైందని సుందరమ్మ ఏడుస్తూ చెప్పింది. మంచం మీంచే విజయక్క పని చేయించేది. బెంగళూరు నుంచి ఒక సైన్యం వచ్చింది, కొన్నవాడు ముందుగా చూసేది దాని సేనాపతి ముఖమే. ఎప్పుడూ సేనాపతులు ఆమెవే. ఈసారి నా వైపు జరిపింది.

"కండ్లు గీయాల్నక్కా. నాతోని కాదు."

"కండ్లు గీయమని ఎవరన్నరు? గుంటలల్ల డికాషన్ పొయ్యి. కనుబొమ్మ మీద, ముక్కు మీద జర వెలుగు రాయి. ఇడిసిపెట్టు."

అలాగే చేశాను. బొమ్మను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకున్నాను. గీయని కళ్లతో వాడు నన్నే చూస్తున్నాడు. విజయక్క దిండు మీంచి తల ఎత్తి చూసి, "ఇగ నీ గురించి నాకు పరేషాన్ లేదు" అంది. అంతే అంది. ఇల్లు, అమ్మ, మందులు, ఎన్ని ఉన్నాయి ఆమె బెంగ పెట్టుకోవడానికి! వాటి మధ్య నా సంగతి కూడా మోసిందని అప్పుడే తెలిసింది.

ఆ వానల్లోనే పోయింది. మట్టి చేసిన కొన్నాళ్లకు సుందరమ్మ మా ఇంటికి వచ్చింది. "నాయనా, సమాధి రాయి మీద నా బిడ్డ పేరు నువ్వే రాయాలె. వేరేటోళ్లతోని రాపియ్య" అంది.

కాదనడం ఎలా? సైనికులకు అక్షరాలుండవు కాబట్టి ఇన్నాళ్లూ బతికిపోయాను. పడిన తర్వాత ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. ఇంటి వెనక నాపరాయి ముక్క మీద రాసి చూశాను. 'వి' గుడి తిరిగేచోట గీత నాలుగు వంకర్లు పోయింది. తుడిచి మళ్లీ రాశాను, మళ్లీ అంతే. ఎవరి పేరు రాసినా రాయకపోయినా ఈ ఒక్క పేరు రాయలేకపోతే నా బతుకెందుకని ఏడ్చాను, సిగ్గులేకుండా. పద్మ మిషను ఆపి వచ్చి నా పక్కన కూర్చుంది. "అక్క ఉంటె ఏమనేది?" అంది. ఏమనేదో తెలిసింది.

రాళ్లు కొట్టే అతని దగ్గరికి పోయి పేరు లోతుగా చెక్కించాను. రాయి నిలబెట్టిన రోజు నల్లరంగులో టర్పెంటైన్ కలిపి డికాషన్ అంత పలుచన చేశాను. బ్రష్షు నిండా ముంచి 'వి' తల మీద పెట్టాను. చెయ్యి వణుకుతూనే ఉంది. రంగు గాడిలో దిగి, గుడి తిరిగి, 'జ' లోకి, 'య' లోకి తన దారిన తాను పోయింది. పైన ఒలికినదంతా గుడ్డతో తుడిచేశాను. విజయ అని నిలబడింది పేరు, ఎక్కడా వంకర లేకుండా.

రంగు ఆరేదాకా సుందరమ్మ పక్కనే కూర్చుంది. ఆమెకు చదువు రాదు. అక్షరాల గాడిలో వేలు పెట్టి మెల్లగా తడిమింది.

"గిదేనా నా బిడ్డ పేరు?"

"ఇదేనమ్మా."

"మంచిగొచ్చింది. నీ సెయ్యి బాగైనట్టుంది గద నాయనా?"

నిచ్చెన మీంచి పడ్డనాటి నుంచి ఆ వణుకును నేనై నేను ఎవరికీ చూపలేదు. ఆమె ముందు చెయ్యి చాపాను. నల్లరంగు అంటిన వేళ్లు అలాగే వణుకుతున్నాయి. "బాగు కాలేదమ్మా. గిట్లనే రాసిన" అన్నాను. ఆమె దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. వణుకు ఆగలేదు, ఆమె వదలలేదు.

ఇప్పటికీ ఆగలేదు. బజారులో ఎవరైనా పెయింటరూ అని పిలిస్తే మాత్రం ఆ చెయ్యే ఎత్తి పలుకుతున్నాను.