శాలువా కంటే ముందు మైకు

మా పెద్దమ్మాయి శ్రావణి సూపర్ కంప్యూటర్ మీద పనిచేస్తుంది. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే నౌక ఎంత వేడెక్కుతుందో ముందే లెక్కగట్టడం ఆమె పని. ఆ నౌక మొన్న క్షేమంగా దిగింది. ఈ రోజు సాయంత్రం మా ఇబ్రహీంపట్నం కాలనీ ప్రెసిడెంట్ నర్సింహన్న ఇంటికొచ్చాడు.

"ఆదివారం సన్మానం పెట్టినం చెల్లె. శ్రావణి వస్తది గద?"

ఆ కంప్యూటర్‌ను ఎందరో పరిశోధకులు వంతులవారీగా వాడుకుంటారు. మా పిల్ల వంతు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. పోయిన బతుకమ్మనాడు ఇదే నర్సింహన్న మైకులో, "కొందరు ఆడపిల్లలు రాత్రి పోయి తెల్లారి వస్తున్నరు, కాలనీ పరువు ఏంగావాలె?" అన్నాడు. అందరూ మా వైపే చూశారు. పిల్ల ఆడుతున్నదల్లా ఆపి ఇంటికొచ్చేసింది. నేను పాల లెక్కే మరచిపోను, ఇది మరుస్తానా?

"వస్తది అన్నా. శాలువా కప్పేముందు, బతుకమ్మనాడు నువ్వన్నది తప్పని మైకుల చెప్పు."

"గవన్నీ ఇప్పుడెందుకు చెల్లె? ఫ్లెక్సీ గూడ కట్టిచ్చిన."

"గట్లయితే ఫ్లెక్సీకే కప్పు."

చెప్పులేసుకుని పోయాడు. శ్రావణి "పోనీలే అమ్మా" అంటోంది. ఆదివారం ఆయన మైకు పట్టుకుంటాడో, ఖాళీ కుర్చీకి సన్మానం చేస్తాడో చూడాలి. నాది మొండితనమంటారా? చెప్పండి, వింటాను. మనసు మాత్రం మార్చుకోను.